ముందు చన్నీళ్ళు: నెత్తుటి మరకల గురించి ఒక నర్సమ్మ మాటలు

(ఒక మహిళా డిగ్రీ కళాశాల హాస్టల్లో ఆదివారం ఉదయం జరిగిన సమావేశంలో, రిటైరైన హెడ్ నర్సు ఒకరు చేసిన ప్రసంగం ఇది. విద్యార్థినులతో పాటు హాస్టల్ ఆయాలు, వంటవాళ్ళు, కొందరు తల్లులు కూడా విన్నారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, చాప ఖాళీగానే ఉంది. ఆయమ్మలు కూడా రండి. ఈ మాటలు అందరికంటే మీకే ఎక్కువ పనికొస్తాయి.

మాట మొదలుపెట్టేముందు ఒక పని చేస్తాను. ఈ బల్ల మీద రెండు గిన్నెలున్నాయి, చూశారా? ఒకదాంట్లో కుండలో నీళ్ళు పోసి రెండు చెంచాల ఉప్పు కలిపాను. రెండోదాంట్లో మీ వంటమ్మ ఇప్పుడే పొయ్యి మీంచి దించి తెచ్చిన మరిగే నీళ్ళున్నాయి. నా చేతిలోవి పాత తెల్ల పంచె చింపి తెచ్చిన రెండు ముక్కలు. నిన్న సాయంత్రం మటన్ కొట్టు నుంచి మేక రక్తం తెప్పించి, రెండింటి మీదా ఒక్కో చెంచా పోసి, రాత్రంతా ఆరనిచ్చాను. గుడ్డ ఒకటే, రక్తం ఒకటే, ఎండిన సమయం కూడా ఒకటే. ఇదిగో, ఒకటి చన్నీళ్ళలో వేశాను. ఇంకొకటి వేడినీళ్ళలో వేశాను. నా మాటలు అయ్యేదాకా ఎవరూ వాటిని కదపకండి. చివర్లో తీసి చూద్దాం.

నేను 34 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. సగం ప్రసూతి వార్డులో, సగం ఆపరేషన్ థియేటర్లో. రక్తం చూడని రోజంటూ లేదు. ఒంటి మీద చీరలు, పక్కల మీద దుప్పట్లు, నేల, గోడ, స్ట్రెచర్, చెప్పులు, గడియారం పట్టీ, అన్నిటి మీదా పడింది. అన్నిటినీ కడిగాను. వార్డెన్ గారు "ఏం మాట్లాడతారమ్మా?" అని అడిగితే, ఆరోగ్యం గురించి పెద్ద పెద్ద మాటలు చాలామంది చెబుతారు, నేను మరకల గురించి చెబుతానన్నాను. ఎందుకంటే ఈ హాస్టల్లో ప్రతి నెలా ఏదో ఒక గదిలో ఏదో ఒక పిల్ల, రాత్రి 2 గంటలకు లేచి, దుప్పటి చూసుకుని, చీకట్లో కంగారుపడుతుందని నాకు తెలుసు. నేనూ హాస్టల్లో చదువుకున్నదాన్నే.

ముందు నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. ట్రైనింగ్‌లో మొదటి ఏడాది. థియేటర్ డ్యూటీ. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్లున్నాయి, ఆకుపచ్చ గుడ్డలు తక్కువపడ్డాయి. సాయంత్రం కేసులో వాడినవి ఒక మూట ఉన్నాయి. వాటిని ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి, తర్వాత ఉతకాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే డ్రమ్ముల్లో సర్ది ఆటోక్లేవ్‌లో పెట్టాలి. నాకు తెలుసు. చెప్పారు కూడా. కానీ నిద్ర, భయం, టైం లేదు. పైపైన తడిపి, మడతపెట్టి, డ్రమ్ములో పెట్టేశాను. ఆటోక్లేవ్ అంటే తెలుసు కదా, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. 121 డిగ్రీల ఆవిరి, 15 పౌన్ల ఒత్తిడి. పొద్దున డ్రమ్ము తెరిచేసరికి గుడ్డల మీద మరకలన్నీ మాడిన అట్టు రంగులో, గోరుతో గీకినా రాకుండా అంటుకుపోయి ఉన్నాయి. సిస్టర్ గారు కోప్పడలేదు. ఆ గుడ్డలు నా చేతికే ఇచ్చి, "ఉతుకు" అన్నారు. మూడు రోజులు ఉతికాను. సబ్బు అయింది, సోడా అయింది, బ్లీచింగ్ అయింది. మరక పోలేదు. చివరికి వాటిని నేల తుడవడానికి వాడారు.

ఆవిడ అప్పుడు ఒకే మాట అన్నారు. "రక్తాన్ని నువ్వు ఉతకలేదమ్మా, వండేశావు."

వండేశావు! ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా మీకు మీరే ఊహించుకోవచ్చు. కోడిగుడ్డు పగలగొడితే తెల్లసొన నీళ్ళలా జారుతుంది కదా? పెనం మీద వేస్తే ఏమవుతుంది? గట్టిపడుతుంది. మళ్ళీ దాన్ని నీళ్ళలా చేయగలమా? ఎవరి తరమూ కాదు. రక్తంలో కూడా అలాంటి మాంసకృత్తులే, అంటే ప్రొటీన్లే, నిండా ఉన్నాయి. ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, చుట్టూ ఉన్న పసుపు నీటిలో ఆల్బుమిన్ ఉంటుంది. చన్నీళ్ళలో ఇవి కరుగుతాయి. వేడి తగిలితే గుడ్డుసొనలాగే బిగుసుకుంటాయి. నూలుపోగు మధ్యలో ఉండగా బిగుసుకుంటే ఇక అక్కడే ఉండిపోతాయి. తెలంగాణ వైపు మేక రక్తంతో నల్ల అనే కూర వండుతారు. వండినవాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ, మీరు చెప్పండమ్మా, వేడి తగలగానే ఏమవుతుంది? విన్నారా, "ముక్కలు ముక్కలుగా గట్టిపడి నల్లగా అవుతుంది" అంటున్నారు. గిన్నెలో అయ్యేదే గుడ్డ మీద కూడా అవుతుంది.

వంటింట్లో మీకు ఇది ఎప్పటినుంచో తెలుసు. గుడ్డు తిన్న కంచాన్ని ముందే వేడినీళ్ళతో కడిగితే నీచు పోదు. చన్నీళ్ళతో కడిగాక వేడినీళ్ళు పోస్తాం. చేపలు కడిగేటప్పుడు వేడినీళ్ళు ఎవరైనా పోస్తారా? పొయ్యరు. మరి బట్ట మీద నెత్తురు పడగానే గీజర్ వైపు ఎందుకు పరిగెడతాం? మురికి ఎక్కువైతే వేడి ఎక్కువ కావాలని మనకు అలవాటు. నూనె మరకకు ఆ అలవాటు సరైనదే. రక్తం దగ్గర మాత్రం సరిగ్గా తిరగబడుతుంది.

మా ఊళ్ళో పురుటి బట్టలు ఉతికే రజక కులపు పెద్దమ్మ ఒకావిడ ఉండేది. చదువు లేదు, ప్రొటీన్ అన్న మాట వినలేదు. కానీ పురుటింటి మూట వస్తే ఆవిడ ముందు కాలవకు తీసుకెళ్ళి, పారే నీళ్ళలో రాయి బరువు పెట్టి వదిలేసేది. ఎర్రటి నీళ్ళు పోయి తెల్ల నీళ్ళు వచ్చేదాకా దాని జోలికి వెళ్ళేది కాదు. తర్వాతే బండ మీద బాదడం. ఆ తర్వాతే చవుడు పట్టించి బానలో ఉబ్బ వేయడం, అంటే ఆవిరి పట్టడం. ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. నేను మూడు రోజులు ఏడ్చి నేర్చుకున్న పాఠం ఆవిడ చేతిలో ముందే ఉంది. ఊరందరి మైల బట్టలూ ఉతికిన ఆ చేతులను ఊరు దూరం పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ విద్య మనకు వాళ్ళ దగ్గర నుంచే వచ్చింది.

సరే, ఇప్పుడు అసలు పని. మరక తాజాగా ఉందనుకోండి. అంతకంటే అదృష్టం లేదు. గాజు గొట్టంలోకి తీసిన రక్తం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకడుతుంది. గడ్డకట్టడం అంటే లోపల ఫైబ్రిన్ అనే సన్నటి దారాలు వల అల్లినట్టు అల్లుకోవడం. ఆ వల గుడ్డపోగులను కూడా కలుపుకుని అల్లుకుంటుంది. అందుకే మొదటి కొద్ది నిమిషాలు బంగారం. గుడ్డను తిరగేసి, లోపలి వైపు నుంచి కుళాయి ధార పట్టండి. ఎందుకు తిరగేయాలి? పై నుంచి పోస్తే రక్తం గుడ్డలోకి ఇంకా దిగుతుంది. వెనక నుంచి పోస్తే వచ్చిన దారినే బయటికి పోతుంది. రుద్దకండి. అద్దండి, పిండండి, మళ్ళీ ధార పట్టండి. నీళ్ళు తేటగా వచ్చాక సబ్బు. చాలామందికి ఇంతటితో అయిపోతుంది.

బయట ఉన్నారు, కుళాయి లేదు. తాగే నీళ్ళ సీసా ఉంటుంది కదా? చాలు. రుమాలు తడిపి అంచుల నుంచి మధ్యకు అద్దండి. మధ్య నుంచి అంచులకు తుడిస్తే రూపాయి బిళ్ళంత మరక అరచేయంత అవుతుంది. టైలర్లు, మగ్గం పని చేసే అమ్మాయిలు సూది గుచ్చుకుని చుక్క పడితే ఉమ్మి అద్దుతారు. ఉమ్మిలో ఏదో మందుందని కొందరంటారు. ఉమ్మిలో ఉన్న ఎంజైమ్ పిండి పదార్థాన్ని అరిగించేది, ప్రొటీన్ మీద దాని పని లేదు. అయినా ఆ చుక్క పోతుంది. ఎందుకు పోతుంది? వాళ్ళు ఆలస్యం చేయరు కాబట్టి. క్షణంలో తడిపేస్తారు కాబట్టి.

మరక ఎండిపోయిందనుకోండి. ఎర్రగా ఉన్నది గోధుమ రంగులోకి తిరిగిందంటే గాలి తగిలి హిమోగ్లోబిన్ మారిపోయిందని అర్థం. కంగారు వద్దు, అప్పటికీ అది పోతుంది. కాకపోతే ఓపిక కావాలి. ముందు పైన పొలుసు కట్టింది ఉంటే మెల్లగా దులపండి. చన్నీళ్ళలో ఉప్పు వేసి అరగంట, గంట, అవసరమైతే రాత్రంతా నానబెట్టండి. నీళ్ళు ఎర్రబడితే పారబోసి కొత్త నీళ్ళు పోయండి. ఆ ఎర్ర నీళ్ళలోనే ఉంచి లాభం లేదు. తర్వాత ఎంజైమ్ ఉన్న బట్టల పొడి తీసుకోండి. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఎంజైమ్స్ అని రాసి ఉంటుంది, చదవండి. ప్రొటియేజ్ అనే ఎంజైమ్ ప్రొటీన్లను ముక్కలు ముక్కలు చేస్తుంది. మన కడుపులో పప్పు అరిగినట్టే బట్ట మీద రక్తం అరుగుతుంది. ఇది ఇవాళ్టిది కాదు. 1913లో జర్మనీలో ఒట్టో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త, జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌ను బట్టలు నానబెట్టే పొడిలో కలిపాడు. 1960లలో బ్యాక్టీరియా నుంచి ఎంజైమ్‌లు తీయడం మొదలయ్యాక అవి మామూలు ఇళ్ళలోకి వచ్చాయి. ఎంజైమ్ పొడికి మాత్రం గోరువెచ్చని నీళ్ళు కావాలి. చేయి పెడితే వెచ్చగా అనిపించాలి, అంతే. మరిగే నీళ్ళు పోస్తే ఎంజైమ్ కూడా చచ్చిపోతుంది, అదీ ప్రొటీనే కాబట్టి. అప్పుడు మరకను వండేసినట్టే, మందును కూడా వండేసినట్టు.

ఇక్కడ పట్టుచీరల సంగతి చెప్పకపోతే తల్లులు ఊరుకోరు. ఎంజైమ్ పొడి పట్టు మీద వేయకండి. ఉన్ని మీద కూడా వేయకండి. పట్టు అంటే ఏమిటి? పురుగు అల్లిన దారం. అదీ ప్రొటీనే. రక్తాన్ని కొరికే ఎంజైమ్‌కు ఇది రక్తం, ఇది ధర్మవరం చీర అని తేడా తెలియదు. రెండింటినీ కొరుకుతుంది. బ్లీచ్ అయితే పట్టును నాశనమే చేస్తుంది. మరి ఏం చేయాలి? కింద పొడి తెల్ల గుడ్డ పెట్టి, పైన చన్నీళ్ళతో తడిపిన దూదితో అద్దండి. దూది ఎర్రబడితే మార్చండి. రంగు దిగుతుందేమో కుచ్చిళ్ళ లోపలి మూల ముందు చూసుకోండి. జరీకి ఉప్పు తగలనివ్వకండి, నల్లబడుతుంది. ఆ తర్వాత డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు మరక ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, "ఇది రక్తం" అని నోరు తెరిచి చెప్పండి. చాలామంది సిగ్గుపడి చెప్పరు. వాళ్ళేమో ఏదో కూర మరక అనుకుని ఆవిరి ఇస్త్రీ పెడతారు. ఇక అది పోదు.

తెల్ల నూలు బట్ట మీద మొండి మరక ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ మంచి మందు. పుండ్లు కడగడానికి వాడేవాళ్ళం. రక్తం మీద పోయగానే బుసబుసా నురగ వస్తుంది. రక్తంలో ఉన్న కెటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ బుడగలు ఆక్సిజనే. మందుల షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం ఉంటుంది, సీసా మీద 20 వాల్యూమ్స్ అని కూడా రాస్తారు. దానికి సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది, బట్టలకు అది చాలు. వాడేటప్పుడే కలుపుకోండి, మిగిలింది మూత బిగించి దాచకండి. రంగు బట్టల మీద వేస్తే మరకతో పాటు రంగూ పోతుంది, అందుకని లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. నురగ ఆగాక చన్నీళ్ళతో కడిగేయండి. మళ్ళీ వేయండి. రెండు మూడు సార్లు పడుతుంది.

నిమ్మకాయ అని ఎవరో అంటున్నారు. అవునమ్మా, నిమ్మకాయకు కూడా చోటుంది, కానీ చివర్లో. పాత రోజుల్లో మా ల్యాబ్‌లో సాహ్లీ పద్ధతిలో రక్తం శాతం చూసేవారు. చిన్న గొట్టంలో పల్చటి యాసిడ్ పోసి అందులో రక్తం కలిపితే నిమిషాల్లో ఎరుపు పోయి గోధుమ రంగు వచ్చేది. ఆ రంగును పక్కన ఉన్న గాజుతో పోల్చి చూసేవారు. అంటే పులుపు తగిలితే రక్తం కరగదు, గోధుమ రంగుకు తిరుగుతుంది. కాబట్టి తాజా రక్తం మీద నిమ్మకాయ, వెనిగర్ పిండకండి. రక్తమంతా పోయి, తెల్ల బట్ట మీద తుప్పు లాంటి పసుపు నీడ మిగిలిందనుకోండి. అది ఇనుము. మన ఒంట్లో ఉన్న ఇనుములో మూడింట రెండు వంతులు రక్తంలోనే ఉంటుంది కదా. ఆ నీడ మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే తేలిపోతుంది.

ఇనుము మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. స్కూల్లో వారానికొకటి ఇచ్చిన నీలం రంగు ఐరన్ మాత్రలు ఎంతమంది మింగారు? ఎంతమంది కిటికీలోంచి పారేశారు? నవ్వకండి, పారేసినవాళ్ళు ఇప్పుడైనా రక్తపరీక్ష చేయించుకోండి. నెలనెలా పోయేది ఇనుమే.

నెలసరి మరకలు

ఇప్పుడు నేను దేనికోసం వచ్చానో ఆ మాట చెబుతాను. ఆడపిల్ల బట్టల మీద రక్తం మరకంటే నూటికి తొంభై సార్లు అది నెలసరి మరకే. దీన్ని అందరం దాస్తాం. దాచడం వల్లే మరక ముదురుతుంది. ఎలాగో చూడండి. ఉదయం క్లాసులో మరకైంది. చున్నీ అడ్డం పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. గదికి వచ్చాక ఎవరైనా చూస్తారని ఉతకలేదు. కవర్‌లో చుట్టి మంచం కింద పెట్టింది. రెండు రోజుల తర్వాత రాత్రి, ఎవరూ లేనప్పుడు, గీజర్ నీళ్ళతో గబగబా ఉతికింది. తాజా మరకను ఎండిన మరక చేసింది, ఎండిన మరకను వండిన మరక చేసింది. ఆ తర్వాత ఆ లంగాను తడితడిగానే చీకట్లో, ఇంకో బట్ట కింద దాచి ఆరేసింది. ఆ తడిలోనే దురదలు, ఇన్ఫెక్షన్లు పుడతాయి. వార్డులో నేను చూసిన పిల్లలు ఎంతమందో!

మీకు ఒక సంగతి తెలుసా? నెలసరి రక్తం నిజానికి మిగతా రక్తంలా గట్టిగా గడ్డకట్టదు. గర్భాశయంలో గడ్డకట్టిన రక్తాన్ని ప్లాస్మిన్ అనే ఎంజైమ్ అక్కడే కరిగిస్తుంది. ఇందాక చెప్పిన ఫైబ్రిన్ వల చాలావరకు తెగిపోయే బయటికి వస్తుంది. అంటే శరీరమే సగం పని చేసి పంపిస్తోంది. మనం చేయాల్సింది వెంటనే ఒక చెంబెడు చన్నీళ్ళు పోయడం. అంతే కదా? ఒక్క చెంబెడు! దానికి కావాల్సింది బాత్రూంలో ఒక బకెట్, భయం లేకుండా అయిదు నిమిషాలు.

వార్డెన్ గారూ, మిమ్మల్ని అందరి ముందూ అడుగుతున్నాను. ప్రతి అంతస్తు బాత్రూంలో మూత ఉన్న ఒక బకెట్, ఒక ఉప్పు డబ్బా పెట్టించండి. మేడ మీద ఎండ తగిలే చోట ఒక తీగ ఆడపిల్లల లోదుస్తుల కోసం కట్టించండి. ఎవరూ దాచుకోనక్కర్లేకుండా. పెద్ద ఖర్చు కాదు. ఆ, తల ఊపుతున్నారు, సంతోషం. ఎండ కంటే మంచి మందు లేదు పిల్లలూ. మరక పూర్తిగా పోయిందని చూసుకున్నాకే ఎండలో వేయండి, ఇస్త్రీ పెట్టండి. మిగిలిన మరకను వేడి బిగించేస్తుంది.

తల్లులతో ఒక మాట. పిల్ల దుప్పటి మీద మరక చూసి మీ మొహం ఎలా పెడతారో పిల్ల చూస్తుంది. "ఛీ" అన్నారా, ఆ పిల్ల జన్మలో మళ్ళీ మీకు చెప్పదు. గంటకో ప్యాడ్ తడిసిపోయేంతగా పోతున్నా చెప్పదు. అలాంటి పిల్లలు రక్తంలో హిమోగ్లోబిన్ 5 గ్రాములకు పడిపోయాక స్ట్రెచర్ మీద వస్తారు. మీ గురించి కూడా చెబుతున్నాను. ముట్లుడిగి ఏడాది దాటిన తర్వాత బట్ట మీద ఒక్క చుక్క కనిపించినా, ఒక్క చుక్కే కదా అని ఉతికేసి ఊరుకోకండి. ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించండి. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది. కానీ గర్భాశయ క్యాన్సర్ మొదట చూపించే గుర్తు కూడా అదే. తొందరగా వస్తే బాగుచేయవచ్చు.

పరుపు, నేల, గోడ

పరుపు మీద పడితే నీళ్ళు గుమ్మరించకండి. లోపల దూది తడిస్తే మూడు రోజులైనా ఆరదు, వాసన పడుతుంది. పొడి గుడ్డతో పీల్చి, చన్నీళ్ళతో తడిపి పిండిన గుడ్డతో అద్ది, మళ్ళీ పొడి గుడ్డతో పీల్చండి. ఇంకా ఉంటే మొక్కజొన్న పిండిలో ఉప్పు, చన్నీళ్ళు కలిపి ముద్ద చేసి పట్టించి, ఎండాక దులపండి. తెల్ల పరుపైతే పెరాక్సైడ్ నాలుగు చుక్కలు. ఆ తర్వాత ఎండలో నిలబెట్టండి.

గోడ మీద దోమను కొట్టిన మరకలు ప్రతి గదిలో ఉన్నాయి, వస్తూ చూశాను. పెయింట్ గోడైతే తడి స్పాంజితో, కొంచెం సబ్బుతో పోతాయి. సున్నం గోడ మీద రుద్దితే సున్నమే ఊడుతుంది, పైన మళ్ళీ కుంచె వేయడమే.

నేల మీద ఎక్కువ రక్తం పడితే అది మరక సంగతి కాదు, జబ్బు సంగతి. ఆయమ్మలూ, ఇది మీ కోసం. ఎవరి రక్తమైనా సరే, పిల్ల పడి తల పగిలినా సరే, ఒట్టి చేతులతో ముట్టుకోకండి. హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు దానికి. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. లేకపోతే రెండు ప్లాస్టిక్ కవర్లు చేతికి తొడుక్కోండి. పాత గుడ్డ, న్యూస్ పేపర్ వేసి రక్తాన్ని పీల్చనిచ్చి, తీసి వేరే కవర్‌లో కట్టేయండి. తర్వాత ఒక శాతం బ్లీచ్ నీళ్ళు పోయాలి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4 శాతం అని ఉంటే గ్లాసు మందుకు మూడు గ్లాసుల నీళ్ళు. బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరు నీళ్ళకు 30 నుంచి 35 గ్రాములు, అదీ కొత్త ప్యాకెట్ అయితేనే. పాతబడితే సత్తువ పోతుంది. పోసి 20 నిమిషాలు ఉంచి, అప్పుడు తుడిచి, మామూలు నీళ్ళతో కడగండి. పోసిన వెంటనే తుడిస్తే వైరస్ చావదు. కిటికీలు తీసి ఉంచండి.

ఇంకొకటి, ప్రాణం మీదికి వచ్చేది. బ్లీచ్‌లో టాయిలెట్ కడిగే యాసిడ్ కలపకండి. ఎన్నడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. రెండూ కలిపితే ఇంకా బాగా తెల్లబడుతుందని చేసినవాళ్ళను ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టిన రాత్రులు నేను చూశాను. కడప బండల మీద, పాలరాయి మీద యాసిడ్ ఒట్టిది కూడా పోయకండి. రెండూ సున్నపు రాళ్ళ జాతే, నున్నదనం తినేస్తుంది.

ఆయమ్మల్లో హెపటైటిస్ బి టీకా వేయించుకున్నవాళ్ళు ఎందరు? ఇద్దరేనా? మూడు డోసులు. చిన్నపిల్లలకు ప్రభుత్వం వేస్తోంది, మీకు కూడా వేయించాలి. మీ పని రక్తంతో ఉంది కాబట్టి ఇది మీరు అడిగి తీసుకోవాల్సిన హక్కు.

ఒక్క సందర్భంలో మాత్రం నేను చెప్పినదేదీ చేయకండి. ఏ మరకా ఉతకకండి. మీ మీద గానీ మీకు తెలిసినవాళ్ళ మీద గానీ ఎవరైనా చేయిచేసుకున్నా, అఘాయిత్యం చేసినా, ఆ బట్టలు సాక్ష్యం. మన మొదటి ఆలోచన ఒళ్ళు కడుక్కోవాలి, బట్టలు ఉతికేయాలి, అంతా పోగొట్టుకోవాలి అని. నాకు అర్థమవుతుంది తల్లీ. కానీ ఆగండి. తడిగా ఉంటే నీడలో గాలికి ఆరనివ్వండి. ప్లాస్టిక్ కవర్‌లో వేయకండి, చెమ్మకు కుళ్ళిపోతుంది. కాగితం సంచిలో, ఒక్కో బట్ట వేరుగా పెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. డాక్టర్‌కు, పోలీసుకు ఇవ్వండి. నేను డ్యూటీలో ఉండగా ఒక తల్లి ఎంతో ప్రేమతో కూతురి బట్టలు ఉతికి, మడతపెట్టి తెచ్చింది. ఆ బట్టలు నా చేతిలో పట్టుకుని ఆవిడకు ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను.

సరే. గిన్నెల దగ్గరికి వద్దాం. గంటకు దగ్గరపడింది. ముందు వరస పిల్లలిద్దరు లేచి రండి. గ్లౌజులు వేసుకోండి, మేక రక్తమైనా సరే.

ముందు వేడినీళ్ళ గుడ్డ తియ్యి. పైకి పట్టు, అందరికీ కనిపించేలా. చూడండి, నీళ్ళు దాదాపు తేటగానే ఉన్నాయి. రక్తం నీళ్ళలోకి దిగలేదు. గుడ్డ మీదే ఉంది, కాఫీ గింజ రంగులో. వేలితో తడిమి చూడు, గరుకుగా ఉందా? అట్ట కట్టినట్టుందా? సబ్బు రాసి రుద్దు. ఇంకా రుద్దు. వస్తోందా? రావట్లేదు కదా.

ఇప్పుడు రెండోది. ముందు ఆ నీళ్ళు చూడండి, దానిమ్మ రసంలా ఉన్నాయి. గుడ్డ తియ్యి. మరక పూర్తిగా పోలేదు, నిజమే. రాత్రంతా ఎండింది కదా. మధ్యలో లేత గోధుమ రంగు నీడ ఉంది, అంచు ఒకటి కనిపిస్తోంది. ఈ సీసాలోది సగానికి సగం నీళ్ళు కలిపిన పెరాక్సైడ్. నాలుగు చుక్కలు వేస్తున్నాను. విన్నారా ఆ చప్పుడు? నురగ చూడండి, తెల్లగా ఎలా పొంగుతోందో. కడిగెయ్యి. మళ్ళీ నాలుగు చుక్కలు. కడుగు.

ఇప్పుడు దాన్ని ఆ కిటికీ వెలుతురులో పట్టుకుని, వెనక వరస వాళ్ళకు చూపించమ్మా. మరక ఎక్కడుందో వాళ్ళనే చెప్పమను.